గట్టు లేని మనిషి

ఆ మనిషి మీద నాకు కోపం చల్లారలేదు. చల్లారాలని నేను ఏ వేల్పుకూ మొక్కుకోలేదు. పెద్దమనుషులు ఇంటికి వచ్చి, "ముసల్దానివి అయితివి, ఇగ విడిచిపెట్టు" అన్నారు. నేను విడిచిపెడితే వాడు ఇంకో గూడేనికి పోయి ఇంకో గడపలో నీళ్లడుగుతాడు. అందుకే విడిచిపెట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది అడవి అంచు గూడెం. భద్రాచలం పోవాలంటే వాగు దాటి మట్టిరోడ్డు పట్టాలి. తర్వాత ఆటో దొరికితే ఆటో, లేకపోతే కాళ్లు. ఇంకోవైపు కొండ దాటితే ఛత్తీస్‌గఢ్. మేం కోయోళ్లం. రాష్ట్రం గీత ఎక్కడుందో ఆఫీసర్లకు తెలుసు గాని, మాకు అటూ ఇటూ చుట్టాలే. పెళ్లికి మేం అటు పోతాం, దినాలకు వాళ్లు ఇటు వస్తారు. కాలిబాటలే మా రోడ్లు. నేను అక్షరాలు నేర్చుకున్నది తల నెరిసిన తర్వాత. గూడెంలో రేకుల షెడ్డు కింద పిల్లలకు చెప్పే టీచరమ్మ దగ్గర, పిల్లల వెనక వరుసలో కూర్చుని నేర్చుకున్నాను. అందుకే నా వాక్యాలు పొట్టిగా ఉంటాయి. మేం మాట్లాడుకున్నది ఎక్కువగా మా కోయ మాటలోనే. దాన్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

ముందు గట్టు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే వాడు చేసింది ఏమిటో మీకు సగమే అర్థమవుతుంది. మాలో ప్రతి మనిషికీ ఒక గట్టు ఉంటుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇట్లా. తండ్రి గట్టే పిల్లలకు వస్తుంది. ప్రతి గట్టుకూ దాని వేల్పు ఉంటుంది. ఒకే గట్టులో పుట్టినవాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూసి ఉండకపోయినా సరే, వాళ్ల మధ్య పెళ్లి మాట రాదు, చెడుచూపు రాదు. కొత్త మనిషి కనబడితే మేం ఊరు అడగం. ఉద్యోగం అడగం. "మీది ఎన్నో గట్టు?" అని అడుగుతాం. అది తెలిస్తే ఏమని పిలవాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎవరితో పరాచికం ఆడొచ్చో ఎవరితో ఆడకూడదో అన్నీ తెలిసిపోతాయి. ఇంక మిగతాది ఎందుకు?

ఇదంతా వాడికి తెలుసు, ఎందుకంటే వాడు మావాడే. బయటివాడైతే వాకిట్లోనే నిలబెట్టి పంపేసేవాళ్లం.

వాడు వచ్చింది చలి రోజుల్లో, మిరప తోటల నుంచి మాకు ఇంకా పిలుపు రాకముందు. మా చెల్లెలి వాకిట్లో ఇద్దరం కొండ చీపుర్లు కడుతున్నాం. చెల్లెలి భర్త పోయి చాలా కాలమైంది. ఉన్నది ఒక్క బిడ్డ. బడి మానేసి ఇంటి దగ్గరే ఉంటోంది. మహా గట్టి పిల్ల. నవ్వితే గూడెం చివర ఇంట్లో కుక్క మొరిగేది. నన్ను పెద్దమ్మా అని ఎప్పుడూ పిలవలేదు, "ఓ పెద్దమ్మో" అని అరిచేది.

వాడు బండిని దూరంగా చింతచెట్టు కింద ఆపి నడిచి వచ్చాడు. కూర్చోమనేదాకా కూర్చోలేదు. మర్యాద తెలిసినవాడు అనుకున్నాం.

"చిన్నమ్మా, జరన్ని మంచినీళ్లు ఇస్తవా?"

మా చెల్లెలు తలెత్తి చూసింది. "చిన్నమ్మ అంటున్నవ్. నీకు నేను చిన్నమ్మనెట్లయిన? ఎన్నో గట్టు మీది?"

"ఐదో గట్టు."

చెల్లెలి అత్తగారిల్లు ఐదో గట్టే. అంటే వాడు ఆ ఇంటి కొడుకు వరుస. బిడ్డకు అన్న. పక్క గూడెంలో అన్నీ కనుక్కుని వచ్చాడని మాకు అప్పుడు తోచలేదు. చెల్లెలు చేతిలోని చీపురు కింద పడేసి లోపలికి పోయి చెంబు తెచ్చింది. వాడు చెంబు పైకెత్తి గటగటా తాగుతుంటే కుడికన్ను మూతపడింది. తాగినంతసేపూ అది మూసుకునే ఉంది.

"కన్ను కొడ్తున్నవేంది నాయనా? ఈ వయసుల నాకెందుకు?" అన్నాను.

బిడ్డ పగలబడి నవ్వింది. వాడూ నవ్వాడు. "పుట్టినకాడికెల్లి గంతే పెద్దమ్మా. గొంతుల నీళ్లు పడితే కన్ను మూతవడ్తది. గిట్ల తాగితే నీకు పిల్లనెవరిస్తర్రా అని మా అమ్మ తిడ్తది."

ఆ పూట వాడు మా ఇంట్లో అంబలి తాగాడు. మా గూడెం పెద్ద వచ్చి ఐదో గట్టు వేల్పు సంగతులు అడిగితే తడుముకోకుండా చెప్పాడు. తమిళోళ్ల దేశంలో ఒక దారం మిల్లు ఉందన్నాడు. తాను అక్కడ సూపర్వైజర్ అన్నాడు.

"మిరపకాయ కోస్తే ఏమొస్తది చిన్నమ్మా, చేతులు మండుడు తప్ప? అక్కడ నీడపట్టున పని. హాస్టల్ ఉంటది. అంత ఆడపిల్లలే ఉంటరు."

"నువ్వుంటవా ఆడ?" అని అడిగింది చెల్లెలు.

"ఉండకపోతే ఎట్ల? చెల్లెను తీస్కపోయి ఇడిచిపెట్టి వస్తనా?"

అన్నతో చెల్లెలు పోతోంది. మా గూడెంలో ఇది వద్దన్నవాళ్లు లేరు. ఎవరైనా వద్దని ఉంటే మేమే వాళ్లను తిట్టి ఉండేవాళ్లం, ఐదో గట్టును అనుమానిస్తారా అని.

వాళ్లు పొద్దున్నే కాలిబాటన పోయారు. వాగు మలుపు దగ్గర అవతలి నుంచి వచ్చే పిల్లలు కలుస్తారని చెప్పాడు. బస్సెందుకు ఎక్కవని చెల్లెలు అడిగితే, "వంతెన కాడ చెక్‌పోస్టుల కార్డులు చూస్తరు, వయసు అడుగుతరు, పొద్దంత ఆడనే పోతది" అన్నాడు. మాకు అందులో ఏమీ తేడా కనబడలేదు. మిరప కోతలకు కొండ దాటి వచ్చే కూలీలంతా అట్లాగే వస్తారు. చెక్‌పోస్టు అంటే తప్పించుకుని పోవలసిన చోటు అని మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

బిడ్డ ఒకసారి ఫోన్ చేసింది. "చేరిన్నమ్మా" అంది. గొంతు బొంగురుగా ఉంది. ఇంకేదో చెప్పబోతుంటే ఫోన్ ఎవరో తీసుకున్నారు. తర్వాత ఆ నంబరు కలవలేదు. వాడి నంబరూ కలవలేదు.

చెల్లెలూ నేనూ స్టేషన్‌కు పోయాం. ఎస్సై కూర్చోమన్నాడు. పక్కన కానిస్టేబుల్ రాసుకుంటున్నాడు.

"ఆ మనిషి పేరేంది?"

ఒక పేరు చెప్పాం. అది కూడా అబద్ధమని తర్వాత తెలిసింది.

"ఏ ఊరు?"

"ఊరు తెల్వది సార్."

"ఊరు తెల్వనోనితోని పిల్లను పంపిన్రా? మరి ఆయన గురించి ఏం తెలుసు మీకు?"

"ఐదో గట్టు సార్. ఆయన వేల్పు ఏదో తెలుసు" అంది మా చెల్లెలు.

కానిస్టేబుల్ కలం ఆపాడు. "అవ్వా, మరి ఆ వేల్పుకు సమన్లు పంపాల్నా?" అని నవ్వాడు. ఎస్సై అతన్ని కసిరాడు. రాసుకున్నారు. చూస్తామన్నారు. నాకు ఆ కానిస్టేబుల్ మీద పగ లేదు. మా తెలివి అంతవరకే ఉందని అతను నవ్వాడు, అంతే. మాకు తెలిసింది ఒక్క ముక్క. ఆ ముక్క పట్టుకునే వాడు మమ్మల్ని కొట్టాడు. అప్పటికి నాకు అర్థమైంది ఇంతే. ఆ ముక్క కూడా అబద్ధమని ఇంకా తెలియదు.

మిరప కోతలు వచ్చాయి. ఇంట్లో ఏడుస్తూ కూర్చుంటే పొయ్యి వెలగదు. మేస్త్రీ ట్రాక్టర్ మీద జూలూరుపాడు వైపు ఒక తోటకు పోయాం. తోట పక్కన పట్టాల గుడారాలు. అటు రాష్ట్రం నుంచి కొండ దాటి వచ్చిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. మాటలో కాస్త యాస తేడా, అంతే. అందులో ఒకామె నా సాలు పక్కనే కోసేది. ఆమె చేతులు మిషన్ లెక్క పోతాయి గాని నోరు తెరవదు. ఒకరోజు మధ్యాహ్నం బువ్వ తినేటప్పుడు మా చెల్లెలు బిడ్డను తలుచుకుని ఏడుస్తుంటే ఆమె దగ్గరికి జరిగింది.

"ఏమైంది అక్కా ఈమెకు?" అని నన్ను అడిగింది.

చెప్పాను. మిల్లు, అన్న, ఫోన్ కలవకపోవడం. ఆమె ముద్ద చేతిలోనే పెట్టుకుని వింది.

"నా బిడ్డ కూడ మిల్లుకే పోయింది. అన్నతోనే పోయింది. ఒక్కసారి కూడ ఫోన్ రాలే."

"ఎన్నో గట్టు ఆ అన్న?"

"మాది మూడు. ఆయనదీ మూడే."

చెల్లెలు ముక్కు చీదింది. "మావాడు ఐదు. గాయన వేరే అయి ఉంటడు" అని లేచి సాలులోకి పోయింది. చెల్లెలికి గట్టు మీద అంత నమ్మకం. గట్టు వేరైతే మనిషి వేరే. నాకూ అదే నమ్మకం ఉండేది. కానీ ఎందుకో నా నోటి నుంచి ఆ ప్రశ్న వచ్చింది.

"నీళ్లెట్ల తాగుతడమ్మా ఆయన?"

ఆమె నా వైపు తిరిగింది. చేతిలోని ముద్ద గిన్నెలో పెట్టింది. తర్వాత తన కుడికన్ను మెల్లగా మూసి చూపించింది.

నేను చెల్లెల్ని కేకేశాను. మిరపకాయల చేతులతో కళ్లు తుడుచుకోకూడదని కోసేవాళ్లందరికీ తెలుసు. ఆ రోజు మేం ముగ్గురం తుడుచుకున్నాం.

ఒక మనిషి దొంగతనం చేస్తాడు. వాడికీ గట్టు ఉంటుంది. తాగి ఇల్లు తగలబెట్టినవాడికీ ఉంటుంది. చస్తే మోయడానికి నలుగురు అన్నదమ్ములు వస్తారు. కానీ ఒక ఇంట్లో ఐదు అని, ఇంకో ఇంట్లో మూడు అని చెప్పినవాడికి అక్క ఎవరు, చెల్లెలు ఎవరు? భార్య ఎవరు? వాడికి ఆడపిల్ల ఏ వరుసా కాదు. సరుకు. నాకు అప్పటిదాకా ఉన్నది దుఃఖం. ఆ మధ్యాహ్నం నుంచి అది పగ అయింది. దుఃఖం ఉన్నప్పుడు నాకు అన్నం దిగేది కాదు. పగ వచ్చాక బాగా తిన్నాను. బలం కావాలి కదా.

వాడు మా చుట్టరికాన్ని మా మీదే వాడాడు. నేనూ దాన్నే వాడతానని చెల్లెలితో అన్నాను. ఆ గుడారాల్లో ఎన్నో ఊళ్ల ఆడవాళ్లు ఉన్నారు. ప్రతి ఒక్కతెకూ పుట్టిల్లు ఒక ఊరు, అత్తగారిల్లు ఒక ఊరు, అక్కచెల్లెళ్లను ఇచ్చినవి వేరే ఊళ్లు. అందరికీ ఒకే మాట చెప్పాను. నీళ్లు తాగేటప్పుడు కుడికన్ను మూసే మగమనిషి ఏ తల్లి కొడుకో కనుక్కోండి అన్నాను. గుడారాల నుంచి ఫోన్లు పోయాయి. కొందరు నవ్వారు కూడా. "పెద్దమ్మ మళ్ల పెండ్లి చేస్కుంటదంట, కన్ను కొట్టేటోడే గావాల్నంట" అని ఒక పిల్ల అంటే, "అవ్, దొరికితే విడిచిపెట్టను" అన్నాను.

మాట తోట నుంచి తోటకు పోయింది. కోతలు అయిపోతున్న రోజుల్లో ముదిగొండ దగ్గర కోస్తున్న ఒకామె నుంచి జవాబు వచ్చింది. "గా కన్నోడా? మా పుట్టింటి ఊరోడే. వాళ్లమ్మ ఉన్నది. నాలుగో గట్టు."

ఐదూ కాదు, మూడూ కాదు. నాలుగు.

స్టేషన్‌కు పోయి ఊరు చెప్పాం. ఎస్సై ఈసారి గట్టిగానే రాసుకున్నాడు. జీపు పోయింది. వాడు ఊళ్లో లేడు. జీపు చప్పుడు వింటే ఉన్నా ఉండడు. వాడు తప్పకుండా ఊళ్లో ఉండే రోజు ఒకటుందని మాకు తెలుసు. భూమి పండుగ. ఎండాకాలం చివర, విత్తనం వేసేముందు చేస్తాం. ఇంటింటి గింజలూ ఊరి వేల్పు ముందు ఒక్క చోట పోసి కలిపి, మళ్లీ ఇంటింటికీ పంచుతారు. ఆ గింజ తీసుకోని ఇల్లు నాగలి కట్టకూడదు. తండ్రి లేని ఇంట్లో కొడుకే రావాలి. హైదరాబాద్‌లో వాచ్‌మన్ పని చేసేవాళ్లు కూడా ఆ రోజుకు వస్తారు.

పండుగకు ముందురోజే మేం ముగ్గురం ఆ ఊరికి పోయాం. వాళ్లమ్మ వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. నా వయసుదే.

"నీ కొడుకుది ఎన్నో గట్టు అక్కా?" అని అడిగాను.

"ఇదేం అడుగుడు? తండ్రిది నాలుగు, వానిదీ నాలుగే. పిల్లనిచ్చేటట్టు ఉన్నరా ఏంది?"

"పిల్లను పంపినం. మళ్ల రాలే."

ఆమె చేయి ఆగింది. నేను అంతా చెప్పాను. చెల్లెలు ఐదు సంగతి చెప్పింది, అవతలామె మూడు సంగతి చెప్పింది. ముసలామె పువ్వు ఏరుతూనే వింది. ఏడవలేదు. మమ్మల్ని పొమ్మనలేదు.

"నా కొడుకు అబద్ధం ఆడ్తడు. నాకెర్కే. తాగి వచ్చి తాగలే అంటడు. గట్టు మీద ఆడడు."

"రేపు అడుగుదం, నీ ముందట."

"మీరెందుకు అడుగుడు? వాడు నా కడుపున పుట్టిండు. నేనే అడుగుత."

ఆ రాత్రి ఆమె ఇంట్లోనే పడుకోమంది. మేం పడుకోలేదు, ఆమె పెట్టిన బువ్వ తినలేదు. మేం బడి అరుగు మీద ఉన్నాం.

పండుగ రోజు మగవాళ్లు వేటకు అడవిలోకి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి వచ్చేపోయేవాళ్లను ఆపుతారు. ఆటోవాడైనా, ఆర్టీసీ డ్రైవరైనా ఏదో ఒకటి ఇచ్చి నవ్వుకుంటూ పోవాలి. పాటలు, ఆటలు. ఆ రోజు మా ఇష్టం. ఆ రోడ్డు మీద ఆ ఊరి ఆడవాళ్లతో పాటు మేమూ తాడు పట్టుకున్నాం. వాళ్లకు విషయం తెలుసు. ముందురోజు సాయంత్రమే మాట ఇల్లిల్లూ తిరిగింది. ఒకామెకు ఆడపిల్లలు ఇద్దరు. ఆమె తాడు చివరను మోచేతికి చుట్టుకుని నిలబడింది.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు వాడు వచ్చాడు. కొత్త చొక్కా, కొత్త బండి. తాడు చూసి దూరం నుంచే నవ్వాడు. బండి ఆపి జేబులో చేయి పెట్టాడు.

"ఏం గావాలె అత్తా, చెప్పు. ఇయ్యాల మీ రాజ్యం."

వాళ్లమ్మ ముందుకు వచ్చింది. "పైసలొద్దు. ఎన్నో గట్టురా నీది?"

"ఏందమ్మా, పట్టపగలే తాగినవా?"

"చెప్పు."

"నాలుగు. ఏమైంది నీకు?"

ఆమె పక్కకు తప్పుకుంది. ఆమె వెనక మా చెల్లెలు, అవతలామె నిలబడి ఉన్నారు.

"నాకు ఐదు అని చెప్పిండు" అంది మా చెల్లెలు.

"నాకు మూడు" అంది అవతలామె.

వాడి ముఖం ఎట్లా మారిందో నేను దగ్గర నుంచి చూశాను. అది గుర్తు చేసుకుంటే నాకు ఇప్పటికీ హాయిగా ఉంటుంది. బండి వెనక్కి తిప్పబోయాడు. తాడు అప్పటికే వెనక నుంచి వచ్చింది. బండి పడింది, వాడూ పడ్డాడు. నేను బరువైన మనిషిని. పోయి వాడి కాళ్ల మీద కూర్చున్నాను. ఆ పండుగకు నేను ఆడిన ఆట అదే.

వేటకు పోయి ఉత్తచేతులతో వచ్చిన మగవాళ్ల మీద ఆ రోజు పేడనీళ్లు పోయడం మా దగ్గర పద్ధతి. కుండలు కలిపి సిద్ధంగా పెట్టుకుంటాం. వాడూ ఉత్తచేతులతోనే వచ్చాడు, మా పిల్లలు లేకుండా. మొదటి కుండ వాళ్లమ్మదే. తర్వాత ఎవరివి ఎన్నో చూడలేదు. అడవి నుంచి వచ్చిన మగవాళ్లకు ఆ ఏడాది ఒక్క చుక్క మిగల్లేదు.

"పోలీసులకు చెప్త మీ అందరి మీద" అని అరిచాడు.

"చెప్పు నాయనా. జల్దీ చెప్పు. పిలిచినం, వస్తున్నరు" అన్నాను.

ఎండలో తాడు మధ్య కూర్చోబెట్టాం. వాడు తెలియదన్నాడు. కంపెనీవాళ్లకు అప్పజెప్పానన్నాడు. పిల్లలు ఇష్టపడే వచ్చారన్నాడు. కాసేపటికి నాలుక ఎండిపోయి నీళ్లడిగాడు. ఒక్క ఆడది కదల్లేదు. వాళ్లమ్మ చెంబు నిండా నీళ్లు తెచ్చి వాడికి అందనంత దూరంలో పెట్టింది.

"పిల్లలు యాడున్నరో చెప్పు. తాగు."

వాడు చెంబు చూశాడు, తల్లి ముఖం చూశాడు. మిల్లున్న ఊరు చెప్పాడు. కాంట్రాక్టర్ నంబరు ఇచ్చాడు. తర్వాత తాగాడు. కుడికన్ను మూతపడింది. అంతమంది ఆడవాళ్లలో ఎవరూ నవ్వలేదు.

జీపు వచ్చింది. మమ్మల్ని చూసి నవ్విన కానిస్టేబులే వాణ్ని ఎక్కించాడు. జీపంతా కంపు కొడుతుందని గొణిగాడు. కొట్టనీ అన్నాను.

ఆఫీసర్లతో పాటు మా చెల్లెలు కూడా మిల్లుకు పోయింది. గేటుకు బయట నుంచి తాళం. లోపల మా బిడ్డ ఉంది, అవతలి రాష్ట్రం పిల్లలు ఉన్నారు. తీసుకొచ్చారు. అవతలామె బిడ్డ మాత్రం అక్కడ లేదు. ఆ పిల్ల మిల్లుకు చేరనే లేదు.

ఏం జరిగిందో మా బిడ్డ చెప్పింది. ఒక్కసారి కాదు, కొంచెం కొంచెంగా, దగ్గుతూ. అడవి బాటన నడిపించి, నది పాయలో చెక్క దోనె ఎక్కించాడట. అది మునిగిపోయేంత నిండుగా ఉందట. అవతల ఒడ్డున కార్డులన్నీ తీసేసుకున్నాడట, పోగొట్టుకుంటారని చెప్పి. తర్వాత నిరుటి మిరప బస్తాల వ్యాన్‌లో, బస్తాల మధ్య పడుకోబెట్టి పైన పట్టా కప్పాడట. గాలి లేదు. ఘాటు. తుమ్మితే చెక్‌పోస్టులో దొరికిపోతారని నోట్లో గుడ్డలు పెట్టుకోమన్నాడట. అవతలామె బిడ్డ మా బిడ్డ చేయి పట్టుకునే ఉందట. రైలు స్టేషన్ బయట పట్టా తీసేసరికి ఆ పిల్లకు స్పృహ లేదు. ఎవడో ఒకడు వచ్చి, దవాఖానాకు తీసుకపోతానని ఎత్తుకుపోయాడట. వాడు అన్నకు తెలిసినవాడే, ఇద్దరూ మాట్లాడుకున్నారు అంది మా బిడ్డ. వాణ్ని ఇంకా అన్న అనే అంటోంది. నేను ఆ మాట అననీయలేదు.

మా బిడ్డ ఇప్పుడు చెప్పులు వేసుకునే పడుకుంటుంది. మిల్లులో ఏ షిఫ్టుకు ఎప్పుడు లేపుతారో తెలియక అలవాటైంది. గూడెం చివర కుక్క మొరిగేంత నవ్వు మళ్లీ రాలేదు. వస్తుందేమో. నేను దాని గురించి రాయను.

వాడికి బెయిల్ వచ్చింది. ఊరికి వచ్చాడు. ఆ పిల్లను తీసుకుపోయినవాడు ఎవడో తెలియదని పోలీసులకు చెప్పాడు, కోర్టుకు చెప్పాడు. అప్పుడే నాలుగో గట్టు పెద్దలు మా ఇళ్లకు తిరగడం మొదలుపెట్టారు. మా దగ్గర తప్పు చేసినవాడు మళ్లీ గట్టులో కలవాలంటే మేక కోసి, ఇప్పసారా పోసి, వండి పెట్టాలి. వాడి వల్ల నష్టపోయినవాళ్లు ఆ కుండలోది మొదటి ముద్ద తినాలి. వాళ్లు తిని లేస్తే తప్పు తీరిపోయినట్టు. తర్వాత అందరూ తింటారు, వాడూ తింటాడు. వాడికి మళ్లీ అన్నదమ్ములు ఉంటారు. చస్తే మోస్తారు. మళ్లీ ఏ గూడెంలోనైనా గట్టు చెప్పుకుని కూర్చోవచ్చు.

"కోర్టు సంగతి కోర్టు చూస్కుంటది. గట్టు సంగతి మనం చూస్కోవాలె. వయసోడు, ఎన్నాళ్లు బయట ఉంటడు?" అన్నాడు వాళ్ల పెద్ద.

"వస్తం" అన్నాను. చెల్లెలు నన్ను వింతగా చూసింది. పోకపోతే మేం రాలేదని చెప్పి వాళ్లే తినేస్తారు. పోవాలి. పోయి కూర్చోవాలి.

అవతలామెకు కబురు పెట్టాం. కొండ దాటి నడిచి వచ్చింది. పొద్దున పది దాటేసరికి వాళ్ల ఊరి చింతల కింద అందరూ చేరారు. వాళ్లమ్మ వండలేదు. వండనని తలుపేసుకుంది. వాడే వండుకున్నాడు. మమ్మల్ని ముగ్గుర్నీ ముందు కూర్చోబెట్టి మోదుగాకుల విస్తర్లు వేశారు. వాడు మాకు ఎదురుగా, నేల మీద. మా ముగ్గురి విస్తర్లలో వాడి చేతే వడ్డింపించారు. మా చెల్లెలు చేతులు ఒళ్లో పెట్టుకుంది. తన బిడ్డ తిరిగి వచ్చింది కాబట్టి తను తింటుందని పెద్దలు అనుకున్నారు. చెల్లెలు ముట్టలేదు. అందరూ అవతలామె వైపు చూశారు.

ఆమె విస్తరిని మెల్లగా తన పక్కకు, ఖాళీగా ఉన్న చోటు ముందుకు జరిపింది.

"ఇది నా బిడ్డది. అది ముందు తినాలె. నేను తర్వాత తింట."

పెద్ద గొంతు తగ్గించాడు. "ఎట్ల తింటది తల్లీ? ఆ పిల్ల లేదు గద."

"రానీ. వచ్చేదాక చూస్త." తర్వాత వాడి వైపు తిరిగింది. ఆమె వాడితో మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. "అన్నవైతివి గద. ఎవనికిచ్చినవో వాని కాడికి పో. తీస్కరా."

వాడు తల వంచుకున్నాడు. తెలియదన్నాడు. తెలుసు వాడికి. ఆ కాళ్ల మీద కూర్చున్నదాన్ని, నాకు తెలుసు.

"అన్నం చల్లారుతది, తియ్యుర్రి ఆ విస్తరి" అన్నాడు ఎవరో ముసలాయన. ఆమె దాని మీద చేయి అడ్డం పెట్టింది. "ముట్టొద్దు."

మేక మాంసం వాసనకు పిల్లలు చుట్టూ తిరిగారు. వాళ్ల తల్లులే వాళ్లను లాక్కుపోయారు. ఆ ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మా వెనక కూర్చున్నారు. రోడ్డు మీద తాడు మోచేతికి చుట్టుకున్నామె కూడా వచ్చింది. పెద్దలు లేచారు, గొణిగారు, కొందరు ఇళ్లకు పోయారు. నష్టపోయినవాళ్లు లేచేదాకా తప్పు చేసినవాడు కూర్చున్న చోటు నుంచి కదలకూడదు. అదీ పద్ధతే.

కూర మీద నెయ్యిలా కొవ్వు గట్టిపడింది. ఈగలు వాలాయి. చింతనీడ జరిగి మా వైపు వచ్చింది, వాడు ఎండలో పడ్డాడు. నీడలోకి జరగాలని ఒకసారి నేల మీద చేయి ఆనించాడు. నేను చూశాను. చేయి తీసేశాడు.

మేం లేవలేదు.